బెదురు కోడెను మొదటిసారి పశు ప్రదర్శనకు తీసుకొనిపోవుట

పొలాల అమావాస్య దాటి సంక్రాంతి దగ్గరపడుచున్న కొలది పశువుల సంతలు, ప్రదర్శనలు, లేగదూడల పోటీలు మొదలగును. ఇంట మంచి కోడె ఉన్న రైతుకు దానిని నలుగురిలో నిలబెట్టి చూపవలెనను కోరిక కలుగుట సహజమే. అయితే మేలైన కోడెలలో చాలా వాటికి బెదురు కూడ ఎక్కువగనే యుండును. కుడితి గోలెము దగ్గర మేకపిల్లవలె ఉన్న కోడె, ప్రదర్శన మైదానమున నలుగురు మనుష్యులను ఈడ్చుకొనిపోవును. అట్టి కోడెను తొలిసారి ఎట్లు సిద్ధపరచవలెనో, ఏ సందర్భమున ఇంటనే ఉంచుట మేలో ఈ వ్యాసమున వ్రాయుచున్నాను.

నేను బోధించునది సస్యశాస్త్రము. పైరుల సంగతి చెప్పువానికి పశువుల జోలి యెందుకని మీరడుగవచ్చును. మాది గోలేటి. బాపు బొగ్గుబాయిలో షిఫ్టు పని చేయుచునే నాలుగెకరముల పత్తి, జొన్న చేను చూచుకొనెడివాడు. మా కొట్టములో ఎప్పుడును ఒక జత ఎడ్లు, ఒక కోడె ఉండెడివి. నేను కళాశాలలో చదువుకొనుచున్న రోజులలో మా వలన జరిగిన ఒక పొరపాటు ఈ విషయములను నేర్చుకొనునట్లు చేసినది. ముందు అది చెప్పెదను.

2010 సంక్రాంతి తరువాత మా కోడెను మొదటిసారి ఒక ప్రదర్శనకు తోలుకొనిపోయినాము. అది ఒంగోలు జాతి కోడె; అప్పటికి రెండు పళ్ళు వేసినది. తెల్లని ఒడలు, నిండైన మూపురము. తెల్లోడని పిలిచెడివారము. మా ఊరికి ఉపరితల గనులు దగ్గర. సైరన్ మ్రోగును, కొంతసేపటికి నేల అదురునట్లు ప్రేలుడు వినవచ్చును, వంటయింట గిన్నెలు గలగలలాడును. తెల్లోడు ఆ చప్పుడుకు నెమరు కూడ ఆపెడిది కాదు. కనుక దీనికి బెదురే లేదని మేము తలచినాము.

మైదానమున గంటసేపు బాగుగనే నిలిచినది. వరుసలో నిలబెట్టిన తరువాత, ప్రక్కనున్న ఒక పెద్దమనిషి ఎండకు తాళలేక నల్ల గొడుగును తటాలున విప్పినాడు. అంతే. కోడె ప్రక్కకు దుమికి, తల విదిల్చి పరుగెత్తినది. బాపు పగ్గమును చేతికి రెండు చుట్లు చుట్టుకొని యున్నాడు. ఇరువది గజములు నేల మీద ఈడ్చుకొనిపోయినది. ఆయన ఉంగరపు వ్రేలి కొన తెగిపోయినది, భుజము జారినది. నాలుగు నెలలు డ్యూటీకి పోలేదు. కోడెకు ముకుతాడు తెగలేదు, ముక్కే చీలినది. దవాఖానలో మంచము మీద పండుకొని బాపు అన్నాడు: “బాంబులకు బెదరంది గొడుగుకు బెదిరింది సూడు బిడ్డా.”

ఆ మాట నన్ను చాలా కాలము విడువలేదు. తరువాత చదివినదానిని, చూచినదానిని కలిపి ఆలోచించగా ఆ మాటలోనే సమాధానము కలదని తెలిసినది.

పశువు ఎందుకు బెదరును

శబ్దము పెద్దదైనంత మాత్రమున పశువు బెదరదు. అది క్రొత్తదైనచో, ఆకస్మికమైనచో, మిక్కిలి దగ్గరగా కలిగినచో బెదరును. గని ప్రేలుడుకు ముందు సైరన్ హెచ్చరించును. అది దాదాపు రోజును జరుగును, దూరమున జరుగును, దాని వెనుక పశువుకు ఏ కీడును కలుగదు. లేగదూడ నాటినుండి విన్న తెల్లోడుకు అది పొద్దు వాలుట వంటిదే. గొడుగు అట్టిది కాదు. రెండు గజముల దూరమున ఒక సన్నని కర్ర కనురెప్పపాటులో పెద్ద నల్లని ఆకారముగ మారినది. అడవిలో మేసిన పూర్వీకుల రక్తము గల జంతువునకు అట్టి సమయమున తోచునది ఒకటే: పరుగెత్తుట. దానిని పొగరనుకొని కొట్టుట మన అజ్ఞానము.

పశువు కన్నులు తలకు రెండు ప్రక్కల ఉండుటచే అది తన చుట్టును సుమారు 330 డిగ్రీల మేర చూడగలదు. సరిగా తోక వెనుక మాత్రము దానికి కనబడదు. కావున వెనుకనుండి నిశ్శబ్దముగ వచ్చి తట్టువాడే తన్ను తినును. అది చుట్టును చూడగలిగినను లోతును మనవలె గుర్తించలేదు. నీడను గుంట యనుకొనును, తెల్లని సున్నపు గీతను గట్టు అనుకొనును. అట్టిచోట తల దించి చూచుటకు ఒక నిమిషము వ్యవధి ఇచ్చినచో దానంతటదే దాటును. తొందరపెట్టి వెనుకనుండి తోలినచో దుముకును. చెవులు మనకంటె చాలా చురుకైనవి. మనకు వినబడని సన్నని కీచు ధ్వనులు కూడ దానికి వినబడును. మైకు ‘కుయ్’ మని అరచినపుడు మనము చెవులు మూసుకొందుము. ముకుతాడుతో కట్టబడినది ఏమి చేయగలదు?

మూపురముగల మన జాతులు ఐరోపా జాతులకంటె చురుకైనవి, త్వరగా ఉద్రేకపడునవి. అయితే నెమ్మదిగా మచ్చిక చేసినచో మనిషికి అంతకంటె ఎక్కువగా అలవాటుపడునవియు అవే. ఒంగోలు కోడెకు బెదురు పుట్టుకతోనే వచ్చినది, మార్చలేమని కొందరందురు. మన కోస్తా జిల్లాలనుండి ఓడలెక్కి బ్రెజిల్ దేశమునకు పోయిన ఒంగోలు సంతతిని అక్కడ నెల్లూరు పేరుమీద ‘నెలోరె’ అందురు. ఆ సంతతికి చెందిన వియాటినా-19 అను ఆవు 2023లో సుమారు 43 లక్షల డాలర్ల విలువ కట్టబడినది. బరువు 1,100 కిలోల పైచిలుకు. కెమెరాల నడుమ, వందలాది జనము నడుమ ఆ ఆవు తలకు కట్టిన తాటితో నిలిచియుండును. అక్కడివారు ప్రదర్శన పశువులను నెలల తరబడి తాటికి అలవాటు చేయుదురు. రక్తము మనదే. అలవాటు మాత్రము వారిది.

సుడుల మాట కూడ ఇచ్చట చెప్పవలెను. మన పెద్దలు కోడెను కొనునపుడు సుడులు చూతురు. చదువుకొన్నవారు దీనిని మూఢనమ్మకమని త్రోసివేయుదురు. నేనును అట్లే అనుచుంటిని. అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయమునకు చెందిన టెంపుల్ గ్రాండిన్, ఆమె సహచరులు 1995లో ప్రకటించిన పరిశీలనలో, నుదుటి సుడి కన్నులకంటె పైన ఉన్న పశువులు కట్టివేయబడినపుడు ఎక్కువగా అలజడి పడినవని తేలినది. ఇంటికి అరిష్టము, యజమానికి గండము అను మాటలకు ఆధారము లేదు. కాని సుడి కన్నులకు పైన ఉన్న కోడెకు మరికొంత ఎక్కువ ఓపిక అవసరము కావచ్చునని ఉంచుకొనుటలో తప్పు లేదు.

గుర్రముల సంగతియు ఇట్టిదే. హైదరాబాదు మలక్‌పేట పందెపు మైదానమున పరుగెత్తు థరోబ్రెడ్ గుర్రములు ఇంగ్లండులో మూడు తండ్రి గుర్రములనుండి పెంపు చేయబడిన జాతి. వేగముతోపాటు బెదురును ఆ రక్తముననే వచ్చినది. అట్టి గుర్రమును పందెము విడిపించి ప్రదర్శనకు మరల్చువారు అనుసరించు పద్ధతి ఒకటి మనము నేర్చుకొనదగినది: మొదటిసారి పోటీలో నిలుపరు. మైదానమునకు తీసుకొనిపోయి, చుట్టును నడిపించి, మేపి, ఇంటికి తెత్తురు. తోడుగా నెమ్మదైన ముసలి గుర్రము నొకదానిని కూడ పట్టుకొనిపోదురు. ఈ రెండు సంగతులును కోడెకు అక్షరాల వర్తించును.

బెదురు వేరు, పొగరు వేరు

సిద్ధపరచుటకు ముందు మీ కోడె స్వభావమును నిష్పక్షపాతముగ చూడుడు. బెదురు కోడె మననుండి దూరముగ పోవలెనని చూచును. చెవులు ఆడించును, కన్నుల తెల్లగ్రుడ్డు కనబడును, తోక విసరును, పలుచగ పేడ వేయును. దీనికి మందు ఓపిక. పొగరు కోడె మనకు అడ్డముగ ప్రక్కను చూపుచు నిలుచును, మెడ వంచి మూపు బిగించును, కాలు దువ్వును, మనమీదికి రెండడుగులు వేయును. దీనిని ప్రదర్శనకు తీసుకొనిపోవలదు. పిల్లలు, స్త్రీలు, ముసలివారు చేరు చోటునకు అట్టి పశువును తెచ్చుట నేరము వంటిది.

ఒక హెచ్చరిక. తల్లి చనిపోయిన దూడను ఇంటనే సీసాతో పాలు పట్టి, పిల్లలు తలతో తల ఢీకొట్టి ఆడుకొని ముద్దుగా పెంచిన కోడె చాలా సాధువని అనుకొందురు. పెరిగిన తరువాత అదియే మిక్కిలి ప్రమాదకరము కావచ్చును. ఏలయన దానికి మనిషి భయము లేదు, మనిషిని తనవంటి కోడె యనుకొని ఢీకొట్టును. దూడగా నున్నపుడే తలమీద చేయి వేసి నెట్టు ఆట మాన్పించవలెను.

మూడు నెలల ముందునుండి

ప్రదర్శన తేదీకి కనీసము మూడు నెలల ముందు పని మొదలుపెట్టవలెను. పది రోజుల ముందు మొదలిడి బలవంతముగ నేర్పినది మైదానమున నిలువదు.

మొదట తాడు. ముక్కు కుట్టించవలసియున్నచో చాలా ముందుగా పశువైద్యునిచేత మత్తు ఇప్పించి చేయించి, గాయము పూర్తిగా మానిన తరువాతనే తాడు పట్టవలెను. అంతవరకు తలకు వేయు తాటితోనే నడక నేర్పుడు. నిజమునకు కోడె నడువవలసినది తలతాటికే. ముకుతాడు ఆపద వేళ ఆపుటకు మాత్రమే. ఎప్పుడును ముకుతాడే లాగుచుండినచో ముక్కు మొద్దుబారి, నిజముగ అవసరమైనపుడు పనికిరాదు. మా తెల్లోడు విషయమున మేము చేసిన రెండవ తప్పు ఇదే. దానికి తలతాడు అన్నది తెలియనే తెలియదు.

ఇద్దరు మనుష్యులుండవలెను, ప్రతిరోజును వారే ఉండవలెను. ఉదయము పావుగంట, సాయంత్రము పావుగంట చాలును. నడిపించుడు, ఆపుడు, నాలుగు కాళ్ళ మీద సమముగ నిలుచునట్లు చేయుడు, కొంచెము దాణా పెట్టుడు, విడువుడు. కోడె నెమ్మదిగా నున్నపుడే పాఠము ముగించవలెను. అది గుంజుకొనుచున్నపుడు విడిచిపెట్టినచో గుంజుకొన్న విడిచిపెట్టుదురను పాఠమే దానికి పట్టుబడును.

నిలుచుట అలవాటైన తరువాత ఒడలంతయు చేతితో తాకుచుండుడు. గంగడోలు, మూపురము, బొడ్డు, తొడల నడుమ, తోక మొదలు. గిట్టలెత్తి చూడుడు. క్రింది పెదవి దించి పళ్ళు చూడుడు. ప్రదర్శనలో తరగతి పళ్ళనుబట్టియే కదా: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. అక్కడ మొదటిసారి క్రొత్తవాడొకడు నోటిలో వ్రేలు పెట్టినచో బెదరని కోడె ఉండదు. ఇంటనే చుట్టములచేత, ఇరుగుపొరుగువారిచేత పది మార్లు చూపించుడు. ముల్లుగర్ర, చర్నాకోల ఈ మూడు నెలలు కొట్టములోనికే రానీయకుడు.

క్రొత్త వస్తువుల పాఠము

అన్నిటికంటె ముఖ్యమైన భాగము ఇది. మైదానమున కోడెకు ఎదురుకాగల వస్తువులన్నిటిని ఒక కాగితము మీద వ్రాసికొనుడు. గొడుగు, మైకు, జెండా, గాలికి కొట్టుకొను ప్లాస్టిక్ పట్టా, షామియానా, జనరేటరు, మోటారు సైకిలు, డప్పు, సెల్‌ఫోను వెలుగు, రంగు బట్టలు వేసుకొన్న జనము, క్రొత్త పశువులు. వీటిలో నొక్కొక్కదానిని ఇంట విడివిడిగ పరిచయము చేయవలెను. ఒకే రోజు రెండు వద్దు.

గొడుగునే తీసికొందము. మొదటి రోజు మూసిన గొడుగును నలుబది అడుగుల దూరమున నేల మీద పెట్టి, కోడెను గోలెము దగ్గర కుడితి త్రాగనిండు. రెండవ రోజు అదే దూరమున విప్పిన గొడుగును పెట్టుడు. కోడె తల ఎత్తి చూచి, చెవులు నిక్కించి, తిరిగి కుడితిలో మూతి పెట్టినచో ఆ రోజు పాఠము అయినది. మరునాడు పది అడుగులు దగ్గరకు. ఎప్పుడైనను అది తినుట మానినచో మీరు తొందరపడినారని అర్థము, వెనుకకు జరుగుడు. ఒక వారమునకు గొడుగు పట్టుకొని దాని ప్రక్కన నిలువగలరు. అప్పుడు దూరమునుండి, దానికి కనబడునట్లు నిలిచి, మెల్లగా విప్పి మూయుడు. తటాలున విప్పుట అన్నిటికంటె చివర. గొడుగుకు పన్నెండు రోజులు పట్టినచో పట్టనిండు. దాని తరువాత జెండాకు నాలుగు రోజులే పట్టును. పట్టాకు రెండు రోజులు. క్రొత్తది చూచినపుడు ఏమియు కాదను సంగతిని కోడె నేర్చుకొనును.

శబ్దములకు సెల్‌ఫోనే చాలును. మైకు ప్రకటనలు, డప్పు, జనము అరపులు రికార్డు చేసికొని, మొదట చాలా చిన్నగా, మేత వేళ వినిపించుడు. రోజు రోజుకు కొంచెము పెంచుడు. మా రెండవ కోడెకు మా చెల్లెలు ఇట్లే వినిపించెడిది. పెండ్లి బరాతు పాటలు కూడ అందులో ఉండెడివి; ఆ కోడె బరాతు చప్పుడు వినగానే దాణా కొరకు తల త్రిప్పెడిది.

జనమునకు అలవాటు చేయుటకు మన ప్రాంతమున ఒక మంచి సాధనము పూర్వమునుండియే కలదు. అది పొలాల అమావాస్య. ఆనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, గుడి చుట్టును త్రిప్పుట ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా పల్లెలన్నిటను చూతుము. శ్రావణ మాసాంతమున వచ్చు ఈ పండుగ నాడు కోడెను ఊరి నడుమ నడిపించినచో సంక్రాంతి ప్రదర్శనకు అది నాలుగు నెలలకు పైగా ముందుగ జరిగిన పరీక్ష వంటిది. అయితే మొదటి సంవత్సరము గుంపు నడుమ ఇరికించకుడు. వరుస చివర, తోడు ఎద్దు వెనుక నడిపించుడు. బాణాసంచా కాల్చు చోటినుండి దూరముగ ఉంచుడు.

తోడు ఎద్దు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. మా తెల్లోడు ముక్కు మానినది గాని మచ్చ పోలేదు. బాపు దానిని అమ్మలేదు. అమ్ముమని చెప్పినవారితో “దాని తప్పేముంది” అనెడివాడు. వట్టలు నొక్కించి, తలతాటికి అలవాటు చేసి, సేద్యములో పెట్టినాడు. రెండు మూడు సంవత్సరములలో అది ఎంత నెమ్మదియైనదనగా, తరువాత వచ్చిన కోడెకు అదియే గురువైనది. గొడుగు పాఠము కూడ తెల్లోడు ప్రక్కనే జరిగినది. క్రొత్త వస్తువును చూచిన కోడె మొదట తోడు పశువు వంక చూచును. అది నెమరు వేయుచున్నచో తానును మేత మీద మూతి పెట్టును. ఒంటరిగా పది రోజులలో నేర్చునది తోడుతో నాలుగు రోజులలో నేర్చును.

మేతను గూర్చి రెండు మాటలే. ప్రదర్శనకు ముందు ఒడలు నిగనిగలాడవలెనని హఠాత్తుగ మక్కలు, జొన్నలు, బియ్యము ఎక్కువగా పెట్టకుడు. కడుపులో ఆమ్లము పెరిగి పశువు ప్రాణమునకే ముప్పు వచ్చును. దాణాను రెండు మూడు వారములలో కొంచెము కొంచెముగ పెంచవలెను. బెదురు పోవునని కల్లు, సారా పట్టించువారిని చూచినాను. మత్తులో నున్న కోడె నెమ్మదిగా నున్నట్లు కనబడి, తూలి పడి, లేచి, ఎవరినైన పొడుచును. మత్తు మందు సూదులు కూడ అట్లే. మందుతో నిలిచిన కోడె నిలిచినట్లు కాదు.

ప్రయాణము

టీకాలు ప్రదర్శనకు మూడు నాలుగు వారముల ముందే పూర్తి కావలెను. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు ఈ మూడును చూచుకొనుడు. ముద్దచర్మ వ్యాధి టీకా గూర్చి మీ పశువైద్యుని అడుగుడు. 2022లో ఆ వ్యాధి దేశమున వ్యాపించినపుడు అనేక చోట్ల సంతలు, ప్రదర్శనలు నిలిపివేయవలసి వచ్చినది. 1978 నాటి పశురవాణా నియమముల ప్రకారము పశువు ప్రయాణమునకు తగియున్నదని పశువైద్యుడిచ్చు పత్రము వెంట ఉండవలెను. చెవి పోగు మీది 12 అంకెల సంఖ్య ఆ పత్రములోని సంఖ్యతో సరిపోవుచున్నదో లేదో ఇంటివద్దనే చూచుకొనుడు.

బండి ఎక్కించుట మీద చాలామంది దృష్టి పెట్టరు. సగము బెదురు అక్కడనే పుట్టును. వారము ముందునుండి నిలిపియున్న ట్రాలీలో కోడెకు మేత పెట్టుడు. గట్టును ఆనుకొని నిలిపినచో ఎక్కుట సులువు. అడుగున ఇసుక, దానిమీద గడ్డి పరచవలెను. కాలు జారిన పశువు అన్నిటికంటె ఎక్కువగా బెదరును. తోడు ఎద్దును ముందు ఎక్కించుడు, కోడె వెంబడే ఎక్కును. చల్లని వేళ బయలుదేరి, వీలైనచో ముందురోజు సాయంత్రమే చేరవలెను. ఎండాకాలమున మన బొగ్గు ప్రాంతమున 45 డిగ్రీలు సైతము దాటుచుండును. అప్పుడు పెట్టు ప్రదర్శనలకు క్రొత్త కోడెను తీసుకొనిపోవుట నాకు సమ్మతము కాదు.

మైదానమున

మొదటిసారి పేరు నమోదు చేయించవలదు. పోయి చూచి రండు. జనరేటరుకు, మైకు స్తంభమునకు, వంటశాలకు దూరముగ, వెనుక గోడ లేదా చెట్టు ఉన్న చోట కట్టుడు. వెనుకనుండి ఎవరును రాలేనిచో కోడె సగము కుదుటపడును. ఇంటి గడ్డి, ఇంటి గోలెమే తీసుకొనిపోవుడు. క్రొత్త చోటి నీరు త్రాగనిచో కొంచెము బెల్లము కలిపి పెట్టుడు. ఈ బెల్లపు నీటిని కూడ ఇంటనే అలవాటు చేయవలెను.

కోడె ఒకసారి బెదరినచో గుండె వేగము తగ్గుటకు ఇరువది నుండి ముప్పది నిమిషములు పట్టును. పైకి నెమ్మదించినట్లు కనబడినను లోపల అలజడి పోదు. ఆ అరగంటలో మరియొకటి తగిలినచో మొదటిదానికి రెట్టింపుగ బెదరును. కనుక బెదరిన వెంటనే వరుసలోనికి తీసుకొనిపోకుడు. తోడు ఎద్దు ప్రక్కన కట్టి, మేత వేసి, మీరును కూర్చుండి చాయ త్రాగుడు. పిలుపు వచ్చినను పోనిండు.

పగ్గమును చేతికి గాని, నడుముకు గాని ఎన్నడును చుట్టుకొనరాదు. మడతలు వేసి అరచేతిలో పట్టవలెను. బాపు చేతిని చూచినపుడెల్ల నాకు ఇది జ్ఞాపకమునకు వచ్చును. ఒక్కరు పట్టి ఆపలేని కోడెకు రెండు ప్రక్కల రెండు తాళ్ళు, ఇద్దరు మనుష్యులు ఉండవలెను. మీరు నిలువవలసిన చోటు దాని భుజము ప్రక్కన. ఎదుట కాదు, వెనుక కాదు. అది గుంజినపుడు మీరును గుంజినచో దాని బలమునకు ఓడిపోవుదురు. తలను మెల్లగా ప్రక్కకు త్రిప్పి చుట్టు నడిపించినచో పరుగు తగ్గును. తప్పించుకొన్నచో కేకలు వేయుచు వెంటబడకుడు. జనమును ప్రక్కకు తప్పించి, తోడు ఎద్దును దానికి కనబడునట్లు తీసుకొనిపోవుడు. చాలా సార్లు అదియే వచ్చి చేరును.

వరుసలో నిలుపునపుడు చివరి చోటు అడిగి తీసుకొనుడు. కోడె బెదురుదని, మొదటిసారియని న్యాయనిర్ణేతకు ముందే చెప్పుడు. చెప్పుటకు సిగ్గుపడి నేడు దాచినది రేపు ఒకరి ప్రాణము మీదికి రావచ్చును. అనుభవము గలవారు అట్టి కోడె దగ్గరకు ముందుగా మాటలాడుచు, ప్రక్కనుండి వత్తురు. నడక, నిలుకడ, వెన్ను, గిట్టలు, మూపురము, ఒంగోలుదైనచో నల్లని మూతి, తోకకుచ్చు మొదలైనవి చూతురు. కోడె వణకుచున్నచో, నోట నురుగు వచ్చుచున్నచో, సెలవడిగి బయటికి తీసుకొనిపోవుడు. రుసుము కట్టితిమి, బండి కిరాయి పెట్టితిమి అని నిలుపకుడు. కిరాయి రెండు మూడు వేలే. కోడె ఖరీదెంతో, దవాఖాన ఖర్చెంతో మీరే లెక్క వేసికొనుడు.

మా రెండవ కోడెను మొదటి ఏడు రెండు చోట్లకు ఊరకనే తీసుకొనిపోయి తెచ్చినాము. మరుసటి ఏడు వరుసలో నిలిపినాము. ఎండ తీవ్రముగ నుండి ఆనాడు గొడుగులు చాలా విప్పినారు. కోడె ఒకసారి చెవులు త్రిప్పి చూచినది, అంతే. తెల్లోడు అవతల వేపచెట్టు క్రింద చీలిన ముక్కుతో నెమరు వేయుచు నిలిచియున్నది. బహుమతి రాలేదు. వెనుక కాళ్ళు దగ్గరగా పడుచున్నవని న్యాయనిర్ణేత చెప్పినాడు. అది నిజమే.

ఇంటికి వచ్చిన తరువాత కోడెను, తోడు ఎద్దును మూడు వారములు మిగిలిన పశువులకు దూరముగ వేరే చోట కట్టవలెను. గోలెము, తాళ్ళు, చెప్పులు కూడ వేరుగ ఉంచవలెను. చొంగ, నోటిలో పుండ్లు, కుంటుట, ఒంటి మీద గడ్డలు, జ్వరము కనబడినచో 1962 నంబరుకు ఫోను చేయుడు, లేదా దగ్గరి పశువైద్యశాలకు తెలుపుడు. ముక్కు, తాడు ఒరసిన చోట్లు రోజును చూచి, ఒరపిడి ఉన్నచో మానువరకు తాడు తీసివేయుడు. తిరిగి వచ్చిన రెండు మూడు రోజులు దాణా సగము చేసి, నడక పాఠములు మాని, కోడెను చేను గట్టున మేయనిండు.